ఆ ఉత్తరాల పేజీలు మాకు తిరిగి ఇవ్వండి
(కామిక్స్ ప్రచురణకర్తలకు, గ్రంథాలయ అధికారులకు బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా,

నెలనెలా కామిక్స్ అచ్చువేసే ప్రచురణకర్తలకు, వాటి సంపుటాలు కొని అరల్లో పెట్టే గ్రంథాలయ అధికారులకు, డిజిటల్ ప్రతులు అమ్మే సంస్థలవారికి నమస్కారం. పాతికేళ్ళుగా మీరు నాకు మంచి చదువు అందించారు. ఆ కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది. కానీ ఇప్పుడు రాస్తున్నది ఫిర్యాదు. నెలసరి కామిక్స్ సంచికల్ని సంపుటాలుగా వేసేటప్పుడు వాటి వెనక ఉండే పాఠకుల ఉత్తరాల పేజీలు తీసేస్తున్నారు.

ఈ సంగతి ఒక ప్రచురణ సంస్థకు రెండుసార్లు, మా పట్టణ గ్రంథాలయానికి ఒకసారి ఇంగ్లీషులో రాశాను. ప్రచురణ సంస్థ జవాబివ్వలేదు. గ్రంథాలయం నుంచి "మీ సూచన అందింది" అని ఒక వాక్యం వచ్చింది, అంతే. అందుకని ఈసారి నా భాషలో, నలుగురి ముందూ రాస్తున్నాను. ఆ సంస్థల్లో, ఆ గ్రంథాలయాల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు చదివి లోపలికి చేరవేసినా చాలు.

విషయం ఇది. "ప్రీచర్" అనే కామిక్స్ సిరీస్ 1995 నుంచి 2000 దాకా 66 నెలసరి సంచికలుగా వచ్చింది. ప్రత్యేక సంచికలు, ఒక చిన్న అనుబంధ సిరీస్ కలుపుకుంటే 75. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన గార్త్ ఎన్నిస్ రాశారు, ఇంగ్లండ్‌కు చెందిన స్టీవ్ డిల్లన్ బొమ్మలు వేశారు. అమెరికా కామిక్స్ సంస్థ డీసీ పెద్దల కోసం నడిపిన వెర్టిగో అనే ముద్రతో వెలువడింది. 1999లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ ధారావాహికగా ఎంపికైంది, 2016 నుంచి 2019 దాకా టీవీలో కూడా నడిచింది.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను. టెక్సస్‌లో ఆన్‌విల్ అనే చిన్న ఊళ్ళో జెస్సీ కస్టర్ అనే చర్చి ప్రబోధకుడు ఉంటాడు. దేవదూతకీ పిశాచికీ పుట్టిన ఒక శక్తి వచ్చి అతనిలో దూరుతుంది. ఆ దూరడంలోనే చర్చిలో ఉన్న జనమంతా కాలిపోతారు. అప్పటినుంచి అతను ఆజ్ఞాపిస్తే ఎదుటివాడు చెయ్యక తప్పదు. దేవుడు స్వర్గం వదిలి పారిపోయాడని తెలిసి, ఆయన్ని వెతికి పట్టుకుని జవాబు చెప్పించాలని బయల్దేరతాడు. వెంట పాత ప్రియురాలు టులిప్, కాసిడీ అనే ఐరిష్ రక్తపిశాచి. దారి పొడుగునా నెత్తురు, బూతులు, దైవదూషణ. చివరి పోరు సాన్ ఆంటోనియోలో, అలమో కోట దగ్గర జరుగుతుంది. నేనుండేది ఆ టెక్సస్ రాష్ట్రంలోనే.

ఇది పిల్లలు చదవాల్సింది కాదు. ముఖచిత్రం మీదే పెద్దల కోసమని ముద్రించి అమ్మారు. పిల్లల చేతికివ్వమని నేను అడగడం లేదు. నచ్చని చోట్లు నాకూ ఉన్నాయి. స్వలింగ ప్రేమికుల మీద వేసిన వెకిలి జోకులు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. కాపాడే వంకతో జెస్సీ మాటిమాటికీ టులిప్‌ని వదిలేసి ఒంటరిగా పోరుకి వెళ్ళడం చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. నేను మాట్లాడుతున్నది కథ మంచిచెడ్డల గురించి కాదు, కథ వెనక ఉన్న పేజీల గురించి.

1999లో రెండు పెట్టెలతో ఈ దేశంలో దిగాను. అపార్ట్‌మెంటుకి రెండు వీధుల అవతల పాత పుస్తకాల కొట్టు ఉండేది. గుమ్మం దగ్గర అట్టపెట్టెలో పడేసిన పాత సంచికల్లోంచి ఏడు "ప్రీచర్" సంచికలు ఏరుకున్నాను. కథ అయ్యాక వెనక పేజీల్లో పాఠకుల ఉత్తరాలు ఉన్నాయి. పేరు, ఊరు, రాష్ట్రం, ఆ పైన మనసులో మాట. పొగిడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నారు. అచ్చు చిన్నది, కాగితం అంచులు అప్పటికే పసుపెక్కుతున్నాయి. ఆఫీసులో ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేని ఆ రోజుల్లో, ఇక్కడి మామూలు మనుషులు దేవుడి గురించీ తాగుడు గురించీ స్నేహం గురించీ ఏమనుకుంటారో నేను మొదట తెలుసుకున్నది ఆ పేజీల్లోనే. ఒక్కో ఉత్తరం చదివి, అట్లాసులో ఆ ఊరెక్కడుందో వెతుక్కునేదాన్ని.

ఆ తర్వాత కథ మొత్తం చదవాలని గ్రంథాలయం నుంచి తొమ్మిది సంపుటాలూ తెచ్చుకున్నాను. కథంతా ఉంది. ఉత్తరాలు మాత్రం లేవు, ఒక్కటంటే ఒక్కటి లేదు. తర్వాత చూస్తే ఈ ఒక్క సిరీస్ గొడవే కాదని అర్థమైంది. నెలసరి సంచికలు సంపుటాలైనప్పుడు ఉత్తరాల పేజీలు తీసెయ్యడం మీలో చాలామందికి అలవాటే. డిజిటల్ సంచికల్లో కూడా చాలావాటిలో అవి కనిపించవు. 2002 ప్రాంతంలో డీసీ తన పత్రికల్లో ఉత్తరాల శీర్షికలే ఆపేసింది. అంటే అప్పటికి కొత్తవీ ఆగిపోయాయి, పాతవీ లేవు.

ఇందువల్ల నష్టపోయేది ఎవరు? నాకు తెలిసినంతలో చెబుతాను.

1. పుస్తకం మీద ఫిర్యాదు వచ్చిన రోజున దాన్ని ప్రేమించిన పాఠకుడి చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఇది నా అనుభవం. రెండేళ్ళ కిందట మా పట్టణ గ్రంథాలయ సలహా మండలి సమావేశం జరిగింది. పెద్దల గ్రాఫిక్ నవలల, అంటే బొమ్మల నవలల అర మీద ఫిర్యాదు వచ్చింది. అప్పటికే ఈ రాష్ట్రంలో పుస్తకాల గొడవ ముదిరి ఉంది. 2021లో మాట్ క్రౌజ్ అనే శాసనసభ్యుడు దాదాపు 850 పుస్తకాల జాబితా స్కూళ్ళకు పంపి, ఇవి మీ దగ్గర ఉన్నాయా అని అడిగారు. అందులో బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. ఆ వేడి స్కూళ్ళ నుంచి ఊరి గ్రంథాలయాలకూ పాకింది.

ఫిర్యాదుదారు నాలుగు బొమ్మలు పెద్దవి చేసి జిరాక్సు తీయించి తెచ్చారు. అందులో ఒకటి యూజీన్ ముఖం. ఈ యూజీన్ "ప్రీచర్"లో ఒక పోలీసు అధికారి కొడుకు. అభిమాన గాయకుడు ఆత్మహత్య చేసుకున్నాడని తనూ చనిపోబోయి, వికృతమైన ముఖంతో బతికి బయటపడిన కుర్రాడు. జిరాక్సులో ఆ ముఖం నల్లగా అలికినట్టు వచ్చింది. అది చేతులు మారుతూ గది చివరిదాకా వెళ్ళింది.

నాకు మూడు నిమిషాలిచ్చారు. గోడ మీద ఎర్ర అంకెల గడియారం వెనక్కి లెక్కపెడుతోంది. అధ్యక్షురాలు మర్యాదగానే అడిగారు, "ఇది చదివి ఎవరికైనా మేలు జరిగిందా? చూపించగలరా?" అని. నేను నా సంగతి చెప్పాను. "మీ ఒక్కరి మాటే కదా," అన్నారు. వందలమంది సంతకం పెట్టి రాసిన ఉత్తరాలు ఒకప్పుడు అచ్చయ్యాయని నాకు తెలుసు. చూపించడానికి మాత్రం సంపుటంలో అవి లేవు. గడియారం సున్నాకి వచ్చింది, నేను కూర్చున్నాను.

ఆ సంపుటాలు పారెయ్యలేదు. కౌంటరు వెనక అరలోకి మార్చారు, పేరు చెప్పి అడిగితే ఇస్తారు. అది పెద్ద ఇబ్బందేమీ కాదని వాళ్ళ ఉద్దేశం. కానీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని బాధతో వచ్చినవాడు, వరసలో నలుగురు వింటుండగా ఆ పేరు పైకి చెప్పి అడుగుతాడా? అర ముందు నిలబడి చేతికందినది తీసి చూసుకునేవాడికి ఆ దారి మూసుకుపోయింది.

2. ఫిర్యాదుకి ఫైలు ఉంది. మెచ్చుకోలుకి లేదు.

గ్రంథాలయాల్లో ఫలానా పుస్తకం అరలో ఉండాలా అని పునఃపరిశీలన కోరడానికి ఒక దరఖాస్తు ఫారం ఉంటుంది. అది నింపి ఇస్తే నంబరు పడుతుంది, ఫైల్లో చేరుతుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పుస్తకం చదివి తెప్పరిల్లినవాడు నింపడానికి ఏ ఫారమూ లేదు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో బయటపెట్టకూడదని టెక్సస్ చట్టమే చెబుతుంది. అది మంచి చట్టం, అలాగే ఉండాలి. కానీ దానివల్ల మిగిలేది ఎన్నిసార్లు తీసుకెళ్ళారన్న అంకె ఒక్కటే. ఎందుకు చదివారో ఆ అంకె చెప్పదు. ఆ "ఎందుకు" ఉన్న చోటు ఉత్తరాల పేజీ. దాన్ని మీరు తీసేస్తే రికార్డులో మిగిలేది తిట్టినవాళ్ళ గొంతు మాత్రమే.

3. అబద్ధాన్ని అబద్ధమని తేల్చడానికి అవకాశం పోతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయంటూ ఒక పుస్తకం రాశారు. అదే ఏడు ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. హారర్ కామిక్స్ వేసే ఈసీ సంస్థ యజమాని విలియమ్ గేన్స్‌ని నిలబెట్టి, తెగిన తల ఉన్న ముఖచిత్రం చూపించి, ఇది సభ్యతేనా అని అడిగారు. ఆ శరదృతువుకల్లా కామిక్స్ కోడ్ వచ్చింది, అంటే కామిక్స్ సంస్థలు తమకు తామే పెట్టుకున్న నియమావళి. రక్తపిశాచులు, నడిచే శవాలు నిషిద్ధం. కాసిడీ లాంటి పాత్రకి ఆ నియమాల కింద పుట్టే వీలే లేదు. ఈసీ తన హారర్ పత్రికలు మూసేసుకుంది.

ఆ గొడవ నడుస్తుండగా ఈసీ తన పాఠకుల్ని కోరింది, సెనేట్ ఉపసంఘానికి మీరే ఉత్తరాలు రాయండి అని. పిల్లలు రాశారు. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు, కానీ వచ్చిన ఉత్తరాలు ప్రభుత్వ దస్తావేజుల్లో భద్రంగా మిగిలాయి. వెర్థమ్ సొంత కాగితాలు 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పరిశోధకులకు తెరిచారు. క్యారల్ టిల్లీ అనే గ్రంథాలయ శాస్త్ర ఆచార్యురాలు వాటిని పుస్తకంతో సరిచూసి, పిల్లల మాటల్ని వెర్థమ్ ఎలా మార్చారో, కలిపేశారో, కత్తిరించారో 2012లో వ్యాసంగా ప్రచురించారు. ఆ కాలపు పిల్లలు రాసిన ఉత్తరాలనూ ఆమే వెతికి చదివారు. కాగితం మిగిలింది కాబట్టి ఇన్నేళ్ళకైనా నిజం బయటికొచ్చింది. 1990ల పాఠకుల గురించి రేపెవరైనా అలాంటి మాటే అంటే, సరిచూడ్డానికి ఏం మిగిలింది?

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయంలో, ఒహాయో స్టేట్‌లోని బిల్లీ ఐర్లండ్ కార్టూన్ గ్రంథాలయంలో కామిక్స్ నిధులున్నాయని నాకు తెలుసు. పరిశోధకులకు అవి వరం. కానీ ఊరి గ్రంథాలయంలో మూడు నిమిషాలు మాట్లాడాల్సిన మనిషి ఉద్యోగానికి సెలవు పెట్టి, విమానమెక్కి మిషిగన్‌లోని ఈస్ట్ లాన్సింగ్ వెళ్ళి ఒక పేజీ నకలు తెచ్చుకోగలదా?

4. రాసినవాళ్ళకు అన్యాయం జరుగుతుంది. రాయబోయి ఆగినవాళ్ళకు ఇంకా ఎక్కువ.

అప్పట్లో నాతో గది పంచుకున్న అమ్మాయిది కాకినాడ. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున ఆమె తమ్ముడు చనిపోబోయి బతికాడు. ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా సంచికల్లో యూజీన్ కనిపించినప్పుడు మొదట నవ్వింది. అందరూ నవ్వుతారు, నవ్వించేలాగే రాశారు. అతని మాట ముద్దముద్దగా, అర్థంకాని అక్షరాల్లో ఉంటుంది, కింద అర్థం రాసి ఉంటుంది. ఒక సంచిక చివర ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "వీడు అందరితో ఎంత మంచిగా ఉంటాడో చూశావా? మా వాడూ అంతే. ఎవరూ వాడితో మాట్లాడరు, అంతే," అంది. ఆ రాత్రి కూర్చుని ఉత్తరాల పేజీకి నాలుగు ఠావులు రాసింది. ఇంగ్లీషు సరిగ్గా లేదని రెండుసార్లు చింపి మళ్ళీ రాసింది. పోస్టు చేసేలోగా ఆఖరి సంచిక వచ్చేసింది. సిరీస్ అయిపోయింది, ఆ ఉత్తరం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇలాంటి ఉత్తరం రాసి, పంపి, అచ్చులో చూసుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళ అక్షరాలు సంపుటానికి అక్కర్లేదనుకోవడం నాకు మింగుడుపడదు.

5. దైవదూషణ అనే ఒక్క ముద్ర తప్ప ఇంకే మాటా మిగలదు.

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక మాట చెప్పాలి. దేవుణ్ణి నిలదీయడం మనకు కొత్త కాదు. మనకు నిందాస్తుతి ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి అన్న మాటలు భక్తిగానే పాడుకుంటాం. భయపెట్టే బొమ్మలూ కొత్త కావు. శ్మశానంలో చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మ చూస్తూ పెరిగిన పిల్లలం మనం. ఈ సిరీస్‌లో దేవుడి మీద ఉన్న కోపం ఎన్నిస్‌కి ఏ ఉద్దేశంతో వచ్చిందో గానీ, చదివినప్పుడు నాకు తగిలింది మాత్రం వదిలేసి పోయిన తండ్రిని వెతుక్కునే కొడుకు కోపం. ఇది నా ఒక్కదాని చదువు. నాస్తికుడు ఇంకోలా చదివి ఉంటాడు, పాస్టరు కూతురు మరోలా. అవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే చోటే లేకుండా పోయింది.

తెలుగు ప్రచురణకర్తలకూ ఇందులో భాగం ఉంది. 1980ల్లో మన వారపత్రికల్లో చేతబడి, క్షుద్ర సీరియళ్ళు జోరుగా వచ్చాయి. తెనాలిలో మా అమ్మ వారంవారం ఆ పేజీలు చింపి దాచి, ఉడకేసిన మైదాపిండితో అట్టలు అంటించి బైండు చేయించేది. ఆ బైండు ఇప్పటికీ నా దగ్గరుంది. ఒక సీరియల్ పేజీ వెనక పాఠకుల ఉత్తరాల శీర్షిక సగం పడింది. "ఆ పిల్లని గనక చంపితే ఇక మీ పత్రిక" దగ్గర కాగితం తెగిపోయింది. కొననని రాశారో, కాల్చేస్తామని రాశారో తెలియదు. సీరియళ్ళు నవలలుగా వచ్చి ఎన్నో ముద్రణలు పడ్డాయి. ఆ ఉత్తరాలు మాత్రం ఏ నవల వెనకా నాకు కనబడలేదు. క్షుద్ర సాహిత్యం పాఠకుల్ని పాడుచేసిందని వేదికల మీద చాలామంది అన్నారు. పాఠకులు ఏమన్నారో మా అమ్మ బైండులో సగం ముక్క ఉంది, అంతే.

ఖర్చవుతుందని మీరనవచ్చు. నెలకి రెండు పేజీలు వేసుకున్నా 66 సంచికలకు 132 పేజీలు. వెయ్యి పేజీలు దాటిన పెద్ద సంపుటాలు మీరు అట్టపెట్టెలో పెట్టి అమ్ముతూనే ఉన్నారు. రాసినవాళ్ళ ఏకాంతం దెబ్బతింటుందంటే అది నిజమైన ఇబ్బందే, నేనూ ఒప్పుకుంటాను. ఇరవయ్యేళ్ళ వయసులో రాసిన మాట యాభైలో ఇబ్బంది పెట్టవచ్చు. ఇంటి నంబరు, వీధి తీసేసి, పేరులో మొదటి అక్షరాలు, ఊరు ఉంచండి. తీసెయ్యమన్నవారిది తీసెయ్యండి. దానికి దారి ఉంది, కావలసింది మీ ఇష్టమే.

కాబట్టి పాఠకులుగా మేము కోరుతున్నవి:

1. "ప్రీచర్"తో మొదలుపెట్టి, ఉత్తరాల శీర్షిక నడిచిన ప్రతి సిరీస్‌కీ ఇకపై వేసే సంపుటంలో ఆ పేజీలు అనుబంధంగా చేర్చాలి. మెచ్చుకున్నవి మాత్రమే ఏరకూడదు. తిట్టినవీ ఉండాలి.

2. డిజిటల్ సంచికల్లో ఉత్తరాల పేజీలు పెట్టాలి. ఇప్పటికే కొన్నవారికి అదనపు రుసుము లేకుండా అందించాలి.

3. అచ్చుకాని ఉత్తరాలు మీ గోదాముల్లో ఇంకా ఉంటే పారెయ్యకండి. ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించండి. ఉన్నాయో లేవో అదైనా బహిరంగంగా చెప్పండి.

4. గ్రంథాలయ అధికారులు పునఃపరిశీలన ఫారం పక్కనే పాఠకుల అభిప్రాయానికి మరో ఫారం పెట్టాలి. పేరు రాయడం తప్పనిసరి కాకూడదు. ఫిర్యాదు విచారణకు వచ్చిన రోజున రెండు ఫైళ్ళూ సభ్యుల ముందు ఉండాలి.

5. విచారణ ముగిసేదాకా పుస్తకం అరలోనే ఉండాలి. కౌంటరు వెనక్కి మార్చడం కూడా నిర్ణయమే. దానికి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

6. తెలుగు ప్రచురణకర్తలు పాత వారపత్రికల సీరియళ్ళు పునర్ముద్రించేటప్పుడు ఆనాటి పాఠకుల ఉత్తరాల్లో దొరికినన్ని సేకరించి వెనక చేర్చాలి. పాత సంచికలు అటక మీద దాచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అడిగితే ఇస్తారు.

మూడు నెలలు ఎదురుచూస్తాం. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి, ఆ జవాబు కూడా అందరికీ చూపిస్తాం. అప్పటికీ జవాబు లేకపోతే, మా దగ్గరున్న సంచికల్లో ఎవరెవరు ఏయే ఊళ్ళ నుంచి ఏమని రాశారో ఒక సూచిక తయారుచేసి, గ్రంథాలయ మండలి తర్వాతి సమావేశానికి ముందే సభ్యులందరికీ పోస్టులో పంపుతాం.

నా ఏడు సంచికలూ ప్లాస్టిక్ కవర్లలో, చెదలు పట్టని పెట్టెలో ఉన్నాయి. పేజీలు స్కాన్ చేసే బాధ్యత మీలో ఎవరు తీసుకున్నా, పెట్టెతో సహా సొంత ఖర్చుతో పంపుతాను. ఎక్కడికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
టెక్సస్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు